కారు కూడా డబుల్ యాక్షన్ చేస్తుంది!

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒకటి నన్ను కాస్త ఇబ్బందిలో పెట్టింది. ఏలూరు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు రాశాడు. "హీరో కారు తెర మీద గిర్రున తిరిగి దుమ్ము లేపుతుంటే ఒళ్లు పులకరిస్తుంది సార్! కొత్తది కొనే స్తోమతు మాకు లేదు. సెకండ్ హాండ్‌లో ఒక టర్బో పెట్రోలు కారు బేరం తగిలింది. మీకూ అలాంటిదే ఉందని లోగడ రాశారు. కొనమంటారా, వద్దంటారా? ఒక్క ముక్కలో చెప్పండి" అని.

ఒక్క ముక్కలో చెప్పడం చేతనైతే నేను కాలమ్ ఎందుకు రాస్తాను తమ్ముడూ, హాయిగా సెన్సార్ బోర్డులో చేరిపోయేవాణ్ణి!

సినిమాల్లో కారుకి ఉండేవి రెండే అవస్థలు. అయితే గాల్లో ఎగురుతుంది, లేకపోతే సరిగ్గా కథకి కావలసిన చోట ఆగిపోతుంది. 1958లో వచ్చిన 'చల్తీ కా నామ్ గాడీ'లో మధుబాల కారు వాన కురిసే రాత్రి మొరాయించబట్టే కదా, కిషోర్ కుమార్ గ్యారేజీకి కళ వచ్చింది! ఇక 1968 నాటి 'బుల్లిట్' చూసే ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో మిట్టల మీద స్టీవ్ మెక్వీన్ మస్టాంగ్, విలన్ల డాడ్జ్ ఛార్జర్ వెంట పది నిమిషాలు పరిగెడుతుంది. ఈసారి చూసినప్పుడు కాస్త లెక్కపెట్టండి. ఆ ఛార్జర్ చక్రాల మూతలు నాలుక్కంటే ఎక్కువే ఊడతాయి! దారిలో అదే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అయినా ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. ఎడిటింగ్ టేబుల్ మీద వేసిన అతుకు తెర మీద చెల్లుతుంది. ఇంజను మీద వేసిన అతుకు బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బయటపడుతుంది!

ఎలా బయటపడుతుందో చెప్పడానికి నా కథే చాలు.

నా కారు పేరు చెప్పను. తయారుచేసినవాళ్ల తప్పేమీ లేదు, అది ఏడేళ్ల బండి, నాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. 2023 ఫిబ్రవరిలో కొన్నాను. మధ్యాహ్నం మూడింటికి చూడటానికి వెళ్లేసరికి ఇంజను అప్పటికే నడుస్తోంది. "ఎండన పడి వస్తారని ఏసీ వేసి చల్లగా ఉంచాను సార్" అన్నాడు బ్రోకరు. ఎంత మర్యాదస్తుడో అని పొంగిపోయాను. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో నేను చూడకూడదన్నదే ఆ మర్యాదలోని కిటుకని తర్వాత తెలిసింది. వారధి మీద యాక్సిలరేటర్ తొక్కానో లేదో వీపు సీటుకి అతుక్కుపోయింది. అంతే, బేరం కుదిరిపోయింది.

పదకొండో రోజున అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగాం. ఆర్పీఎం ముల్లు ఆరువందలకీ పదకొండువందలకీ మధ్య ఉయ్యాలూగడం మొదలుపెట్టింది. బండి వణికింది. ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. పచ్చ సిగ్నల్ పడగానే ఇంజను టప్పున ఆగిపోయింది! వెనక ఆటోల హారన్లు, సిటీబస్సు డ్రైవరు ఆశీర్వచనాలు. అమ్మ నెమ్మదిగా అంది: "నీ కారుకి కూడా నాలాగే ఆయాసం వచ్చిందిరా."

అమ్మ మాట అక్షరాలా నిజం. అది తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలూ, ముప్ఫై ఎనిమిది వేల రూపాయలూ పట్టాయి.

ముగ్గురు డాక్టర్లు, మూడు రోగాలు

మొదటి షెడ్డులో స్టీరింగ్ కిందున్న పదహారు పిన్నుల సాకెట్లో స్కానర్ గుచ్చారు. రెండు నంబర్లు వచ్చాయి. పి 0171, అంటే గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గిందని. పి 0300, అంటే ఏదో ఒక సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మంట తప్పుతోందని. "కాయిల్స్ పోయాయి సార్" అన్నారు. ప్రతి సిలిండర్ నెత్తిన ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే కాయిల్ ఒకటి ఉంటుంది. నాలుగూ మార్చారు. లైటు ఆర్పారు. మూడు రోజులు సుఖం, నాలుగో రోజు మళ్లీ అదే నాట్యం!

రెండో షెడ్డులో ఇంజెక్టర్లు కడిగారు, ప్లగ్గులు మార్చారు, గాలిని కొలిచే సెన్సార్ కొత్తది బిగించారు. మళ్లీ వారం తిరక్కుండా లైటు. మూడో షెడ్డు ఏసీ షెడ్డు. అక్కడాయన స్కానర్ తెరని గంభీరంగా చూసి, పాత సినిమాలో డాక్టరు కళ్లజోడు తీసినట్టు తీసి, "బ్రెయిన్ పోయింది" అన్నాడు. అంటే ఈసీయూ, ఇంజన్ని నడిపే కంప్యూటర్. తొంభై వేలు! ఆ మాట విన్నాక నా బ్రెయిన్ పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్కానర్‌లో వచ్చే నంబరు దోషి పేరు కాదు, ఫిర్యాదు మాత్రమే. "ఫలానా వీధిలో గొడవ జరుగుతోంది" అని పోలీసులకి ఫోన్ వస్తే, ఆ వీధిలో మొదట కనిపించినవాణ్ణి లోపల వేస్తారా? మనవాళ్లు చేసింది అదే. సిలిండర్‌లో మంట తప్పితే కాయిల్‌ని పట్టుకున్నారు. గాలి లెక్క తప్పితే సెన్సార్ని పట్టుకున్నారు. ఎవరూ విచారణ చెయ్యలేదు.

నేను విలన్ని కాబోయిన రోజు

ఈ ముక్క రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. రాయకపోతే మిగతాదంతా దండగే.

తొంభై వేలు నా దగ్గర లేవు. బ్రోకరుకి ఫోన్ చేశాను. "దానికెందుకు సార్ బెంగ? పొద్దున్నే లైటు తుడిచేసి, నీళ్లు కొట్టించి తీసుకురండి. కాలేజీ కుర్రాడొకడు టర్బో కావాలని ప్రాణం తీస్తున్నాడు. మధ్యాహ్నం చూపించేద్దాం" అన్నాడు. నాకు అమ్మినప్పుడు ఏం జరిగిందో ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది. తెలిసి కూడా మర్నాడు పొద్దున్నే లైటు తుడిపించాను. అవును, నేనే.

కుర్రాడు వాళ్ల నాన్నతో వచ్చాడు. గుడివాడ వైపు రైతు. కుర్రాడు బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు, కళ్లలో టైటిల్ కార్డులు పడుతున్నాయి. తండ్రి మాత్రం బండిని చూడలేదు, నన్ను చూశాడు. "బాబూ, నాకు కార్ల సంగతి తెలీదు. మీరే నా స్థానంలో ఉంటే, మీ తమ్ముడికి ఈ బండి కొనిస్తారా?" అన్నాడు.

బ్రోకరు నా కాలు తొక్కాడు. నా నోట్లోంచి మాట రాలేదు. చివరికి వచ్చింది: "కొననండీ. దీనికి ఏదో జబ్బుంది. పొద్దున్నే లైటు తుడిచాను." బ్రోకరు లేచి వెళ్లిపోయాడు. కుర్రాడి మొహం వాడిపోయింది. పెద్దాయన మాత్రం కోపగించుకోలేదు. కాసేపు ఆగి, "మా ట్రాక్టరు ఇంజను చూసే మేస్త్రిగారొకాయన ఆటోనగర్లో ఉన్నారు. ఆయన కుర్రాళ్లు కార్లు కూడా చేస్తారు. ఒకసారి చూపించండి" అని ఫోన్ నంబరు ఇచ్చారు.

ఆటోనగర్లో అసలు హీరో

2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' చూసి మా విజయవాడ ఆటోనగర్ అంటే ఫైటింగులే అనుకోకండి. ఆ రేకుల షెడ్డులో నేను చూసింది ఒక ముక్కుకళ్లద్దాల పెద్దాయనని. పాతికేళ్లు లారీలు విప్పి, ఆ తర్వాత కార్లకొచ్చారట. నేను బానెట్ తెరవబోతే వద్దన్నారు.

"ఎప్పుడు ఆగుతుంది?"

"ఎప్పుడు పడితే అప్పుడేనండీ."

"అలా ఏ బండీ ఆగదు. చల్లగా ఉన్నప్పుడా, కాగినప్పుడా? నిలబడ్డప్పుడా, పరిగెత్తేటప్పుడా? ఏసీ వేస్తేనా? గతుకు పడితేనా?"

నేను నీళ్లు నమిలాను.

"పత్రికలకి రాస్తావట కదా? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడక్కుండానే వార్త రాసేస్తావా అబ్బాయ్?"

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు! "ఒక నోటుబుక్కు కొనుక్కో. వారం రోజులు ఎప్పుడేం చేసిందో రాయి. పాత బిల్లులన్నీ తేదీల వారీగా పట్టుకురా. లైటు నిలకడగా వెలిగితే వెలగనీ, తుడవకు. మిణుకు మిణుకుమంటే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా తోలకు. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోని కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుద్ది. అది పోతే నీ జేబు పూర్తిగా ఖాళీ" అన్నారు.

రాశాను. సోమవారం పొద్దున ఏడింటికి స్టార్టు చెయ్యగానే వణుకు. మంగళవారం వారధి దాటి గుంటూరు దాకా వెళ్లొచ్చాను, ఎనభై మీద నిక్షేపంలా ఉంది. బుధవారం సిగ్నళ్ల దగ్గర రెండుసార్లు ఆగింది. గురువారం పటమట సందులో ఒక గతుకు, దడేల్మని ఒక కుదుపు, రెండు క్షణాలు లైటు మిణుకు. పక్కకి తీసి ఫోన్ చేస్తే ఆయన కుర్రాడొచ్చి, నెమ్మదిగా షెడ్డుకి లాక్కెళ్లాడు.

మేస్త్రిగారు నోటుబుక్కు రెండుసార్లు చదివారు. "ఇది ఒకడి పని కాదు, ఇద్దరున్నారు" అన్నారు.

నాకు 1964 నాటి 'రాముడు భీముడు' గుర్తొచ్చింది. ఎన్టీ రామారావు ద్విపాత్రాభినయం. ఒకరి బదులు ఇంకొకరు వస్తే ఇంట్లోవాళ్లు ఎంత తికమక పడతారు! నా బండిలోనూ అదే వరస. నిలబడితే వణికేవాడొకడు, గతుకుల్లో తన్నేవాడొకడు. ముగ్గురు మెకానిక్కులు ఇద్దర్నీ ఒక్కడే అనుకుని, ఒకడి నేరానికి ఇంకొకణ్ణి చావబాదారు.

మొదటివాడు దొరికాడు

పెట్రోలు చక్కగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వచ్చే గాలిని ఒక సెన్సార్ కొలుస్తుంది. దానికి తగ్గ పెట్రోలు కంప్యూటర్ పోస్తుంది. పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ రుచి చూసి, "ఉప్పు తక్కువైంది, ఇంకాస్త వెయ్యి" అన్నట్టు చెప్తూ ఉంటుంది. ఆ సవరింపుని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సవరింపు అటూ ఇటూ కొద్దిపాటిగా ఉంటే ఆరోగ్యం.

నా బండి ఊరికే నిలబడి నడుస్తున్నప్పుడు సవరింపు 21 శాతం! మేస్త్రిగారు యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్పీఎం దగ్గర నిలిపారు. 5 శాతానికి దిగింది. "అర్థమైందా?" అన్నారు. కాలేదన్నాను.

విషయం ఇది. ఇంజను నిలకడగా తిరిగేటప్పుడు త్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. లోపల శూన్యం బలంగా లాగుతుంది, వచ్చే గాలి మాత్రం కొంచెమే. అప్పుడు ఎక్కడన్నా చీలిక ఉంటే, లెక్కలో లేని దొంగగాలి అందులోంచి దూరుతుంది. అసలు గాలే కొంచెం కాబట్టి దొంగగాలి వాటా ఎక్కువ. వేగం పెరిగితే అసలు గాలి వెల్లువలా వస్తుంది, దొంగ వాటా లెక్కలోకి రాదు. అందుకే గుంటూరు రోడ్డు మీద గుర్రం, బెంజి సర్కిల్లో ఆయాసం! అదే పెట్రోలు పంపు నీరసించి ఉంటే కథ తలకిందులయ్యేది. నిలబడితే బాగుండి, గట్టిగా తొక్కినప్పుడు సవరింపు పెరిగేది. ఇంత చిన్న పరీక్షకి ఖర్చు సున్నా.

ఆ తర్వాత ఒక డబ్బాలో మినరల్ ఆయిల్ వేడిచేసి, ఆ పొగని మెల్లగా గాలి గొట్టంలోకి పంపారు. పౌరాణికాల్లో స్వర్గం సెట్టు చూశారుగా? సరిగ్గా అలాగే మానిఫోల్డు కిందనుంచి తెల్లటి పొగ లేచింది! కుర్రాడు టార్చి వేసి, చిన్న అద్దం కింద పెట్టి చూపించాడు. ఇంజను అడుగున చేరే ఆవిర్లని మళ్లీ లోపలికి పంపే గొట్టం ఒకటుంది, పీసీవీ పైపు అంటారు. దాని వంపులో, కింది వైపున వేలెడు చీలిక. పైనుంచి చూస్తే కొత్త పైపే. వేడికి ఎండి బీట తీసింది. పద్దెనిమిది వందల రూపాయలు! కొత్తది బిగించాక సవరింపు మూడు శాతానికి వచ్చింది. ముల్లు ఉయ్యాల దిగి బుద్ధిగా కూర్చుంది.

నేను చప్పట్లు కొట్టబోయాను. "ఆగు అబ్బాయ్, ఇది ఇంటర్వెలే" అన్నారు మేస్త్రిగారు.

రెండోవాడి పుట్టుపూర్వోత్తరాలు

స్కానర్లో ఇప్పుడు పి 0302 ఒక్కటే మిగిలింది. అంటే రెండో సిలిండర్‌లో మంట తప్పుతోంది. దాంతోపాటు ఒక ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంటుంది. మన పాత సినిమాల్లో 'శుభం' ముందు అందర్నీ నవ్విస్తూ ఫ్రీజ్ షాట్ వేస్తారే, అలాగే తప్పు జరిగిన క్షణాన వేగమెంత, వేడి ఎంత అన్నది కంప్యూటర్ స్టిల్ తీసి దాచుకుంటుంది. లైటు తుడిస్తే ఆ స్టిల్ కూడా పోతుంది. ముగ్గురు మెకానిక్కులూ, నేనూ కలిసి సాక్ష్యాన్ని ఎన్నిసార్లు చెరిపేశామో!

మేస్త్రిగారు రెండో కాయిల్ తీసి మూడో దానికీ, మూడోది రెండో దానికీ పెట్టారు. కాయిల్ దోషమైతే తప్పు మూడుకి మారాలి. మారలేదు. ప్లగ్గులు అలాగే మార్చి చూశారు. అయినా రెండే. కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానం. అంటే ఇంజను గుండె గట్టిదే. ఇక మిగిలింది తీగ. ఇంజను నడుస్తుండగా ఒక చెక్కపుల్లతో వైర్లని ఒక్కొక్కటే కదిలిస్తూ వచ్చారు. రెండో కాయిల్ కనెక్టర్ దగ్గరికి రాగానే ఇంజను ఖళ్లుమని దగ్గింది! కనెక్టర్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గొళ్లెం విరిగిపోయి ఉంది. గతుకు పడ్డప్పుడల్లా కనెక్టర్ జారి, నిప్పురవ్వ ఆగిపోతోంది.

అప్పుడాయన నా బిల్లులు పరిచారు. మొదటి షెడ్డుకి వెళ్లేనాటికి పి 0302 అనే నంబరే లేదు. కాయిల్స్ మార్చిన తొమ్మిదో రోజున మొదటిసారి వచ్చింది. తొందరలో లాగేటప్పుడు, వేడికి పెళుసెక్కిన గొళ్లెం పుటుక్కుమంది. ఇది పాత రోగం కాదు, మందు వికటించి వచ్చిన రోగం. నేను నా డబ్బు పోసి కొనితెచ్చుకున్న రెండో వేషం!

నాకు ఒళ్లు మండింది. ఆ షెడ్డు మీద పడి తిడతానన్నాను. మేస్త్రిగారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నారు: "గొళ్లెం విరగడం తప్పు కాదురా, నా చేతిలోనూ విరుగుద్ది. విరిగిందని చెప్పకపోవడమే తప్పు."

నేను మాట్లాడలేదు. లైటు తుడిచి బండిని నీళ్లతో మెరిపించిన ఆ పొద్దుటిపూట గుర్తొచ్చింది.

కనెక్టర్ మూడువందల యాభై. కూలీ రెండున్నర వేలు. మొత్తం కలిపి ఐదు వేలు కూడా కాలేదు. అంతకుముందు ఊహల మీద తగలేసింది ముప్ఫై ఎనిమిది వేలు. తొంభై వేల 'బ్రెయిన్' ఇవాళ్టికీ శుభ్రంగా పనిచేస్తోంది.

ఏలూరు తమ్ముడికి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే "రేపొస్తానండీ" అని వచ్చెయ్. తాళం తిప్పగానే పసుపు లైటు ఒకసారి వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగనే లేదంటే బల్బు సంగతి ఎవరో చూసుకున్నారన్నమాట. స్కానర్ తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్లి, నంబర్లొక్కటే కాదు, "రెడీనెస్" చూడమను. కంప్యూటర్ తన సొంత పరీక్షలు పూర్తి చేసుకుందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. పూర్తికాలేదని చాలా చోట్ల కనిపిస్తే, ఎవరో ఈమధ్యే లైటు తుడిచారేమో, బ్యాటరీ తీశారేమో అని గట్టిగా అడుగు. నడి ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఊరికే నిలబెట్టి చూడు. హైవే మీద ప్రతి టర్బో హీరోయే! బేరంలో ఇచ్చే డబ్బు కాక, రిపేర్లకని విడిగా కొంత పక్కన పెట్టగలిగితేనే దిగు. అది లేకపోతే ఇంకో రెండేళ్లు తెర మీద చూసి ఈల వెయ్యి, నష్టమేం లేదు. 'బుల్లిట్'లో హీరో నడిపిన మస్టాంగ్‌ని 1974లో ఒక కుటుంబం సెకండ్ హాండ్‌లో కొని, మామూలు కారులాగే వాడుకుని, ఏళ్ల తరబడి మూలన పెట్టేసింది. 2020 జనవరిలో వేలం వేస్తే 34 లక్షల డాలర్లు పలికింది! మన బండ్లకి అంత రాత ఉండదు కాబట్టి మన జాగ్రత్త మనది.

గుడివాడ పెద్దాయనకి ఫోన్ చేసి బండి బాగైందని చెప్పాను. "అయితే ఇప్పుడు మావాడికిస్తారా?" అని నవ్వారు. ఇవ్వనన్నాను. అమ్మ నిన్న కూడా అందులోనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఆవిడ ఆయాసం కూడా కాస్త నెమ్మదించింది.

ఎప్పటికైనా అమ్మాల్సి వస్తే మాత్రం బండితోపాటు ఆ నోటుబుక్కు కూడా ఇస్తాను. అందులో గురువారం నాటి గతుకుంది, విరిగిన గొళ్లెం ఉంది, నేను లైటు తుడిపించిన తేదీ కూడా ఉంది.